కొట్టంలో దీపం

గడ్డి ఎండిందో లేదో చూడటం పెద్ద విద్యేమీ కాదు. కోసి ఆరబెట్టిన గడ్డి వరుస అడుగు నుంచి గుప్పెడు తీసుకుని రెండు చేతులతో మెలిపెట్టాలి. పుటుక్కున తెగితే ఎండినట్టు. తెగకుండా తాడులా మెలితిరిగితే ఇంకో పూట ఆగాలి. అలాగని మరీ ఆగితే ఆకంతా పొడిపొడిగా రాలిపోయి కాడలు మిగులుతాయి, వాటిని గుర్రాలు ముట్టవు. పద్దెనిమిదేళ్ళుగా మా పొలంలో ఈ పని నాది. వంట, అంట్లు, పాలు పితకడం, అత్తయ్య మందులు అన్నీ అయ్యాక చేస్తాను కాబట్టి దీన్నెవరూ పని అనుకోలేదు.

పొద్దున మంచు ఆరాక చేలోకి వెళ్ళొచ్చి, కాఫీ ఇస్తూ మా ఆయనకి మెల్లగా చెబుతాను, "ఇంకో పూట ఆగితే మంచిదండీ" అని. ఆయన బయటికెళ్ళి కూలీలతో గట్టిగా అంటారు: "ఇంకో పూట ఆగుదాం, నాకెందుకో మనసొప్పట్లేదు." ఆ ఒప్పని మనసు ఆ టైములో వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. మా గడ్డి కొనే గుర్రపుశాల యజమాని ఏటా వచ్చి, ఒక కట్ట విప్పి, వాసన చూసి, మా ఆయన భుజం తడతాడు. "మీ చేతి గడ్డి తిన్నాక నా గుర్రాలకి ఇంకే గడ్డీ సయించదండీ." ఆయన నవ్వుతారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడతాను. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయిందని తెలిసిన రోజున మాత్రం చాలా ఏడ్చాను.

గడ్డి కోతలప్పుడు మా ఇంట్లో ఒక పాత వేళాకోళం ఉంది. "అమ్మా, ఈసారైనా దీపం పట్టుకుని కొట్టం వైపు వెళ్ళకే" అంటారు మా ఆయన, కూలీలంతా వినేలా. ఆయనకి ఏడేళ్ళప్పుడు గడ్డితో నిండిన కొట్టం, అందులో కట్టేసిన ఆవుతో సహా కాలిపోయింది. అత్తయ్య దీపం లోపల మరిచిపోయి వచ్చిందని మామయ్య అందరికీ చెప్పారు. బతికినంత కాలం చెప్పారు. ఆయన పోయాక కొడుకు అందుకున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా అత్తయ్య కూడా నవ్వుతుంది. నవ్వి, తన చేతికర్ర కొసని నేలమీద అటూ ఇటూ రాస్తూ కూర్చుంటుంది.

ఈ ఏడు కోతయ్యాక మబ్బు పట్టింది. కట్టలు కట్టే మిషన్ అతను ఇవాళ కాకపోతే వారం దాకా కుదరదన్నాడు. గుర్రపుశాల యజమాని కూడా చేలోనే ఉన్నాడు. గుప్పెడు తీసి మెలిపెట్టాను. తెగలేదు. కాఫీ దాకా ఆగే వ్యవధి లేక అందరి ముందే అనేశాను: "ఇది ఇంకా పచ్చిగా ఉందండీ, ఆగాలి."

"నువ్వెళ్ళి కాఫీ సంగతి చూడు. గడ్డి సంగతి మేం చూసుకుంటాం" అన్నారు మా ఆయన.

వెళ్ళాను. కాఫీ పెట్టాను. ఎవరికెంత చక్కెరో కూడా సరిగ్గా వేశాను. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. సాయంత్రానికి కొట్టం నిండింది. వాన మాత్రం రాలేదు.

నాలుగో రోజు పొద్దున కట్టల మధ్యకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది. పాకం మాడిన వాసన. పరుగున వెళ్ళి ఆయనకి చెప్పాను, పచ్చిగడ్డి లోపల్లోపల మాగి వేడెక్కుతోంది, ఇలాగే వదిలేస్తే అంటుకుంటుంది అని.

"గాలాడక అలా ఉంటుందిలే. మధ్యాహ్నం గుర్రపుశాల లారీ వస్తుంది. నీకంత భయమైతే బాగున్న కట్టలు కొనేవాడికి కనబడేలా ముందు వరసలో పెట్టు" అని ఆయన పై చేలోకి వెళ్ళిపోయారు. నా చేతి మాటకి విలువ లేదు గానీ, తప్పు సర్దడానికి ఆ చెయ్యే కావాలి.

అత్తయ్యకి మాత్ర ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడ పెట్టావే ఈ చెయ్యి?"

"కొట్టంలో, అత్తయ్యా."

కిటికీలోంచి కొట్టం వైపు చూసింది. "వాణ్ణి అడక్కు. బయటికి లాగెయ్" అంది.

లాగేస్తే ఇంట్లో గొడవ. లాగకపోతే? రేపు కొట్టం అంటుకుంటే, చివరిసారి లోపలికి వెళ్ళింది ఎవరని అడుగుతారు. నేనే. పొయ్యి దగ్గర నుంచి నిప్పురవ్వ తెచ్చానంటారో, ఇంకేం మరిచానంటారో. తర్వాత కోతలప్పుడల్లా కూలీల ముందు నవ్వుతారు. నేనూ నవ్వాలి. ఆ నవ్వు నా మొహం మీద ఎలా ఉంటుందో ఎదురుగా కూర్చున్న మనిషిలో కనబడింది.

వెళ్ళి కొట్టం తలుపులు బార్లా తెరిచాను. ఒక్కో కట్టా వాకిట్లోకి ఈడ్చి కొడవలితో తాళ్ళు కోశాను. ఆవిరి లేచింది. లోపల తెల్లగా బూజు. అరచేతులు చీరుకుపోయాయి. సగం ఖాళీ అయ్యేసరికి లారీ వచ్చింది, అందులోంచి గుర్రపుశాల యజమాని దిగాడు. వెనకే మా ఆయన పరిగెత్తుకొచ్చారు.

"పిచ్చి పట్టిందా నీకు?"

నేను గుర్రపుశాల యజమాని వైపు తిరిగాను. "ఇది మీ గుర్రాలకి పెట్టకండి. పచ్చిగా కట్టాం. ఇన్నేళ్ళూ గడ్డి చూసింది నేనండీ. ఈసారీ చూసే చెప్పాను, మీరూ అక్కడే ఉన్నారు."

అతను ఒక కట్టలోకి చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకున్నాడు. నా మొహం చూడలేక నేల చూశాడు. ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడనుకోను.

ఈలోగా అత్తయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి ఒక కట్ట మీద కూర్చుంది. మా ఆయన ఆమె వైపు తిరిగి, "చూశావా అమ్మా? నువ్వు కొట్టం కాలిస్తే, నీ కోడలు ఏకంగా పరువే కాల్చింది" అన్నారు.

అత్తయ్య నవ్వలేదు.

"ఆ కొట్టం మిట్టమధ్యాహ్నం కాలిందిరా. నువ్వు బడిలోంచి పరిగెత్తుకొచ్చావు. పట్టపగలు నేను దీపం ఎందుకు పెడతాను?"