చిన్నరకం సీసా

"నీ వల్ల ఎంతవుతుందో నాకు తెలీదా? పదమూడేళ్ల నుంచి చూస్తూనే ఉన్నాగా," అన్నాడు మొగుడు, తాగిన గ్లాసు ఆమె తోముతున్న అంట్లలో పడేస్తూ. తిట్టలేదు పాపం, జాలిగానే అన్నాడు. చెరువు గట్టు మీది పరిశోధన కేంద్రంలో మూడు వారాలుండి, అక్కడి నివేదిక సొంతంగా రాయమని తను పనిచేసే లాబు పెద్దసారు అడిగారని చెప్పినందుకు వచ్చిన జవాబది. శుక్రవారంలోగా ఆమె ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. దుప్పట్లు ఆరేసి వాన పాలు చేసిన మనిషికి నివేదికలు కూడానా అని పక్క గదిలోంచి అత్తగారు తన వంతు రాయి వేశారు.

లాబులో ఆమెను లెక్కలావిడ అంటారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. గాజు సీసాల్లో పెరిగే నీటిపురుగులను రోజూ లెక్కించడం ఆమె పని. పెద్దరకం, చిన్నరకం, రెంటికీ మేత ఒకటే, నాచు కలిపిన నీళ్లు. ఒక సీసా ఏ రకం పురుగులను ఎన్నింటిని పోషించగలదో కనిపెట్టాలి. రెండూ కలిసున్న సీసాలో చిన్నవి ఏనాడూ అరవై దాటలేదు. వాటి హద్దు అరవయ్యేనని సారు ఖాయం చేశారు. ఆమెకు మింగుడుపడలేదు.

"పెద్దవి తినగా మిగిలిందేగా సార్ ఇవి తినేది. విడిగా పెంచి చూడొద్దూ?" అంది.

ఆ ప్రశ్న నచ్చే చెరువు పని ఇస్తానన్నారాయన. ఆమె ఇరవై చిన్నవాటిని వేరే సీసాలో వేసి, అంతే నీళ్లు, అంతే మేత పోసి కిటికీ పక్కన పెట్టి నెల కావస్తోంది.

గురువారం పొద్దున లెక్క రెండువందల ముప్ఫైయెనిమిది. నాలుగు రోజులుగా అటూ ఇటూగా అంతే. నమ్మలేక మూడుసార్లు లెక్కపెట్టింది. సంతోషంగా పుస్తకంలో రాసుకుంది. వెంటనే మొగుడి పదమూడేళ్లు గుర్తొచ్చాయి. పిల్లల బడి, అత్తగారి మందులు, ఆయన చొక్కాల ఇస్త్రీ, ఇవన్నీ తినగా మిగిలిన మనిషినే ఆయన ఇన్నేళ్లూ చూసింది. ఆయన లెక్క అబద్ధం కాదు, అరవయ్యే. కోపం రాలేదు సరికదా, మహా ఆకలేసింది. తెచ్చుకున్న డబ్బా మెతుకు మిగలకుండా ఖాళీ చేసి, సారు దగ్గరికెళ్లి చెరువు పనికి ఒప్పుకుంటున్నానని చెప్పేసింది.

సాయంత్రం ఇంట్లో ఆ మాటే చెప్పి, మందుల వేళలు పెట్టె మీద రాసే ఉన్నాయంది. మొగుడు నోరెళ్లబెట్టాడు.

"ఒక్కదానివీ అంత పని చెయ్యగలవా?"

"ఏమోనండీ," అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ. "నన్ను విడిగా ఇంతవరకూ ఎవరూ లెక్కపెట్టలేదుగా."