ఒకే తారీఖున పుట్టిన ఐదుగురు

భార్య కన్నుమూసిన రోజునే ఆమె నోటుపుస్తకం కూడా పోయింది. ఆసుపత్రి మంచం ఖాళీ చేసే తొందరలో అది ఏ సంచిలో పడిందో, ఎవరు చెత్తలో వేశారో మాస్టారికి అంతుపట్టలేదు. రెండేళ్ళుగా ఆమె తన తాత పుట్టుపూర్వోత్తరాలు రాసుకుంటున్న పుస్తకం అది. "ఇటుకల అనేది మన ఇంటిపేరు కాదమ్మడూ" అని తాత పోయేముందు ఆమెతో అన్నాడట. అసలుది దొరికితే తన సమాధి రాయి మీద అదే చెక్కించమని ఆమె భర్తను అడిగింది. మాస్టారు సరేనన్నారు.

మూడు వారాలైంది. ఆయనకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎటు వెళ్ళాలో తోచదు.

రాయి చెక్కే ఆయన ఫోన్ చేశాడు. "పేరు, తేదీలు అయిపోయాయి సార్. ఇంటిపేరుకు చోటు వదిలాను. చెప్తారా, రాయికి గడ్డం మొలిచేదాకా ఆగమంటారా?"

పక్కనే ఉన్న బావమరిది మాట అందుకున్నాడు. "ఇటుకల అని కొట్టించెయ్ బావా. ముప్ఫైమందిమి ఆ పేరుతోనే తిరుగుతున్నాం. ఎవరూ గెంటెయ్యలేదు."

"మీ అక్క అడిగింది."

"అక్క ఉన్నప్పుడు ఆవిడ మాట ఎప్పుడు విన్నావ్?"

మళ్ళీ చేస్తానని చెప్పి మాస్టారు ఫోన్ పెట్టేశారు.

మర్నాడే తాత చదివిన బడికి వెళ్ళారు. మెట్ల కింద గదిలోంచి గుమాస్తా పాత అడ్మిషన్ రిజిస్టరు మోసుకొచ్చాడు. "మెల్లగా తెరవండి మాస్టారూ. ఈ దుమ్ముకి మీకంటే సర్వీసు ఎక్కువ."

తాత పేరు దొరికింది. ఎదురుగా ఇటుకల అనే ఉంది. మాస్టారు పైవరుసా కిందివరుసా చూశారు. ఆ రోజు ఐదుగురు పిల్లలు చేరారు. ఐదుగురికీ ఇంటిపేరు ఇటుకలే. ఐదుగురూ జూలై ఒకటినే పుట్టారు, అదీ ఒకే ఏడాది. తండ్రి పేరు గడిలో గీత. చిరునామా, ఇటుక బట్టీ.

"అబ్బో, ఒకే కాన్పులో ఐదుగురా!" అన్నాడు గుమాస్తా.

మాస్టారికి నవ్వు రాలేదు. ఆ రాత సంగతి ఆయనకు చూడగానే తెలిసింది. కాగితాల్లేని పిల్లలు వస్తారు. వెంటబెట్టుకొచ్చిన కూలీల మేస్త్రీకి ఏమీ తెలియదు. బయట ఇంకా వరుస ఉంటుంది. హెడ్మాస్టరు తోచింది రాసేస్తాడు. తన బడిలో హెడ్మాస్టరుగా మాస్టారూ అలాగే రాశారు. ముప్ఫైయేళ్ళలో ఎందరికో పుట్టినతేదీగా జూలై ఒకటి వేశారు. ఇద్దరు ముగ్గురికి ఇంటిపేరు కూడా ఆయనే పెట్టారు. ఒక పిల్ల "అది కాదు సార్" అనబోతే, "తర్వాత దిద్దుకోవచ్చులే, కూర్చో" అన్నారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు దిద్దమని.

ఒకసారి అన్నం తింటూ భార్య అడిగింది, "మీ బళ్ళో పేర్లెలా రాస్తారు?" అని. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "అడిగి రాస్తాం" అన్నారు.

"బట్టీలో పనిచేసినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉంటాయా?" అని గుమాస్తాని అడిగారు.

"బట్టీయే లేదు కదండీ. ఈ ఐదుగురిలో మిగతావాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా చెప్పాలి."

మాస్టారు ఐదు పేర్లూ కాగితం మీద రాసుకుని వీధిలోకొచ్చారు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఆగారు. రాయి చెక్కే ఆయనకు ఫోన్ చేశారు.

"ఆగు నాయనా."

"ఎన్నాళ్ళు సార్?"

"తెలీదు."

మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళెవరో ఇంకా కనుక్కోలేదు. రాయి మీద ఇంటిపేరు పడలేదు. తన బడిలో తాను రాసిన రిజిస్టర్లను మాస్టారు ఇంకా తెరవలేదు.