దాలమ్మ పళ్ళసెట్టు

డాక్టర్ అనూరాధగారిని పొగడాలంటే నాకు భయం. పొగడ్తలోనూ పొగ ఉంది, ఆవిడకు పొగంటే పడదు. అయినా ఇరవై రెండేళ్ళుగా ఆవిడ కారు నడుపుతున్నవాణ్ణి, కొంచెమైనా పొగడకుండా ఉండలేను.

ఆవిడ పళ్ళ క్లినిక్కు ఆమదాలవలస స్టేషను రోడ్డులో ఉంది. బుధవారాలు మాత్రం వంశధార గట్టు ఊళ్ళకీ, శనివారాలు సముద్రం ఒడ్డు పేటలకీ వెళ్తాం. వెనక సీట్లో మడతకుర్చీ, టార్చి, పనిముట్లు ఉడికించే కుక్కరు. ప్రభుత్వం మనచేత పన్ను కట్టిస్తుంది, ఆవిడ తనే వచ్చి మనకు పన్ను కడతారు. ఇంకెవరినైనా "ఇన్నేళ్ళలో ఏం పీకావు" అంటే కొట్టడానికొస్తారు. ఆవిడ నవ్వి, "పీకినవాటికంటే నిలబెట్టినవే ఎక్కువ సోములూ" అంటారు.

పేటల్లో ఎవరు కుర్చీలో కూర్చున్నా ఆవిడ ముందు పళ్ళు చూడరు. "పైకప్పు చూపించు" అని అంగిలి చూస్తారు. కారణం అడ్డపొగ. మా ఒడ్డున ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. నెత్తిన చేపల గంప, చేతులు రెండూ గంపకే, ఎదురుగా సముద్రపు గాలి. నిప్పు ఆరకుండా దాచుకోవడానికి నోటిని మించిన చోటేముంది? ఆ సెగంతా అంగిలికి తగులుతుంది.

దాలమ్మకు అరవై ఏళ్ళు. నోట్లో పన్నన్నది లేదు. చుట్ట మాత్రం చుట్టపుచూపుగా వచ్చి నలభై ఏళ్ళు తిష్ఠ వేసింది. పళ్ళసెట్టు కావాలని వస్తే, అంగిలి తెల్లబారింది, చుట్ట మానితేనే సెట్టు అన్నారు డాక్టరుగారు. దాలమ్మ గంగమ్మ మీద ఒట్టేసింది. మూడు నెలలకు అంగిలి తేరుకుంది. సెట్టు పెట్టారు.

రెండు నెలలు తిరక్కుండానే ఒక శనివారం దాలమ్మ గంప దించి, కొంగుమూట విప్పి, సెట్టు డాక్టరుగారి చేతిలో పెట్టింది.

"నీ సెట్టు మంచిది కాదు డాక్టరమ్మా. పాడైపోనాది. వేరేది ఇయ్యి."

అంగిలిని కప్పే గులాబీరంగు ప్లాస్టిక్కు మధ్యలో రేగుపండంత నల్లటి గుంట.

"ఏటైనాదప్పా దీనికి?" అన్నారు డాక్టరుగారు, ఒడ్డు యాసలోనే. ఇక్కడ అప్పంటే అక్క.

"నాకేటి తెల్సు. ఎండకి కాలిపోనాదేమో."

"నోట్లో ఎండ కాస్తాదేటి?" అన్నాను నేను.

"ఒరే సోములూ, నువ్వు కారు నడుపు, నోరు నడపకు."

డాక్టరుగారు దాలమ్మ నోట్లోకి టార్చి వేసి చూశారు. సెట్టు అంచు దాటాక, అంగిలి వెనక భాగంలో ఎర్రటి మచ్చ.

"అప్పా, ఇక్కడ పుండు లేస్తన్నాది. సిన్న ముక్క తీసి పరీక్షకి పంపాల. సెడ్డదైతే ఇప్పుడే తీసెయ్యొచ్చు. ఆలస్యమైతే నా సేతిలో ఉండదు."

దాలమ్మ నోరు మూసేసింది. "కత్తి తగిల్తే పాకిపోతాది. మా కూర్మమ్మ వదిన అలాగే పోనాది." గంప నెత్తికెత్తబోయింది.

ఒట్టు తప్పావని ఇంకొకరైతే అరిచేవారు. డాక్టరుగారు కాలిన సెట్టును తిరిగి దాలమ్మ చేతిలోనే పెట్టారు.

"ఆ గుంటలో యేలెట్టి సూడప్పా."

దాలమ్మ వేలు పెట్టింది. కొస పూర్తిగా దిగింది.

"ఇది ప్లాస్టిక్కు. రెండు నెల్లకే గొయ్యి పడిపోనాది. నీ మాంసం నలభై ఏళ్ళు ఓర్సుకున్నాది. నిప్పుకి ఇది అడ్డం ఉన్నంత మేర నీ అంగిలి బాగానే ఉన్నాది, ఇది లేనికాడే పుండు లేసినాది. మీ వదిన కత్తికి పోలేదు. కత్తికాడికి ఆలస్యంగా వచ్చి పోయినాది."

దాలమ్మ వేలు చాలాసేపు ఆ గుంటలోనే ఉంది.

"నొప్పెడతాదేటి?"

"సూదప్పుడు కొంచెం."

దాలమ్మ సెట్టు డాక్టరుగారికి తిరిగిచ్చి, వచ్చి మడతకుర్చీలో కూర్చుంది. నేను టార్చి పట్టుకున్నాను. డాక్టరుగారు సూది వేసి, చిన్న ముక్క తీశారు.

పది రోజులకు ఫలితం వచ్చింది. ఫోనులో చెప్పేయొచ్చు. ఆవిడ ఆ మంగళవారం క్లినిక్కు మూసి, నాచేత ఒడ్డుకు కారు తీయించారు.

"సెడ్డది కాదప్పా. కానీ అటేపు నడక మొదలెట్టినాది. సుట్ట మానీసి, మూడు నెల్లకోసారి సూపించుకుంటే ఆగుతాది."

దాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈసారి ఒట్టెయ్యను. కొత్త సెట్టు ఇయ్యి. వొచ్చినప్పుడల్లా గుంట పడ్డాదేమో నువ్వే యేలెట్టి సూసుకో." తర్వాత చెయ్యి చాచింది. "ఆ కాలింది కూడా నాకిచ్చీ."

"అదెందుకు?"

"పనున్నాది."

ఆ శనివారం మేం వెళ్ళేసరికి మడతకుర్చీ వేసే చోట పదకొండుమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. దాలమ్మ ఆ కాలిన సెట్టును గంపలో వేసుకుని పేటపేటా తిరుగుతోందట. చేపలమ్మే ఆడవాళ్ళు ఎవరు ఎదురుపడినా ముందు అందులో వేలు పెట్టించి, తర్వాతే మాట కలుపుతోందట.

అందరికంటే ముందు జగ్గమ్మ ఉంది. ఇన్నేళ్ళూ మా కారు కనబడితే తలుపేసుకున్న మనిషి. వచ్చి కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చింది.

"పళ్ళకేటీ కాలేదు డాక్టరమ్మా," అంది. "పైకప్పు సూడు."