ఖర్చేమీ లేదు

మాడిన గిన్నె తోముతున్నప్పుడే ఆమెకు ప్రశ్నలు పుడతాయి. చేతులకు పని పడితే బుర్రకు తీరిక దొరుకుతుందేమో మరి. ఆ ఉదయం కూడా సింకు ముందు నిలబడి, పీచుతో గిన్నె అడుగు గీకుతూ గుర్రాల గురించి ఆలోచిస్తోంది. గుర్రాన్ని బొమ్మల్లో చూడటమే తప్ప దగ్గరగా నిలబడి చూసిన పాపాన పోలేదు. అలాంటిది వారం రోజులుగా ఆఫీసులో ఆమె బల్ల నిండా గుర్రప్పందేల కాగితాలే.

"ఆ గిన్నెతో ఏం మాట్లాడుతున్నావే అమ్మాయ్?" అంది అత్తగారు వెనకనుంచి.

"ఏం లేదత్తయ్యా. మనిషి పందెంలో పెట్టే డబ్బు, ఆ పందెమే లేకపోతే ఏమై ఉండేదా అని."

"బాగుంది, పొద్దున్నే జూదం మాటలు! ఎందుకమ్మా నీకవన్నీ? ముందు వాడి చొక్కా ఇస్త్రీ సంగతి చూడు."

ఎందుకమ్మ. అదే ఆమె పేరైపోయింది. చిన్నప్పుడు నోరు తెరిస్తే 'ఎందుకు' అనేదని తండ్రి ముచ్చటపడి పెట్టాడు. పెళ్లయ్యాక అత్తగారు విసుక్కుని అదే పేరు పెట్టింది. ఆఫీసులో ఎవరూ ఉప్పందించకుండానే మళ్లీ అదే పేరు పుట్టింది. పెళ్లైన కొత్తలో భర్త ఆమె ప్రశ్నలకు నవ్వేవాడు. తర్వాత తర్వాత "నీకు జవాబులు చెబుతూ కూర్చుంటే నా బస్సు వెళ్లిపోతుంది" అనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ మాట కూడా అనడు, పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. ప్రశ్న అడగడానికి అవతల ఒక మొహం ఉండాలి కదా. అందుకని ఆమె గిన్నెల్ని అడుగుతుంది.

ఆమె ఉద్యోగం ప్రభుత్వ ఆర్థిక శాఖలో. చట్టసభ ముందుకు ఏ కొత్త చట్టం వచ్చినా, దానివల్ల ఖజానాకు రాబడి ఎంత, ఖర్చు ఎంత అని అరపేజీ నోటు రాసివ్వాలి. ఈసారి వచ్చింది పందేల చట్టం. ఇన్నాళ్లూ గుర్రం ఎక్కడ పరుగెత్తుతుందో ఆ మైదానానికి వెళ్లే పందెం కాయాలి, బయట కాస్తే నేరం. ఇకమీదట ఏ వీధిలోనైనా దుకాణం తెరవచ్చు. గోడమీద టీవీలో పరుగు చూస్తూ అక్కడే టికెట్టు కొనవచ్చు. ప్రతి టికెట్టు మీదా ప్రభుత్వానికి పన్ను వస్తుంది, దుకాణానికి లైసెన్సు రుసుము వస్తుంది. తనిఖీ చేసేవాళ్ల జీతాలు ఆ రుసుములోంచే వెళ్లిపోతాయి. రాబడి పేరా రాసేసరికి ఆమెకే నోరూరింది. దాని కింద 'ఖర్చేమీ లేదు' అని రాసి సంతకం పెడితే పనైపోతుంది. ఆ సంతకం దగ్గరే ఆమె కలం ఆగింది.

"ఈ డబ్బు ఇప్పుడెక్కడుంది సార్?" అని అడిగింది సూపరింటెండెంటుని.

ఆయన మంచివాడే. కోపం రాదు, కుతూహలమూ రాదు. "ఏ డబ్బమ్మా?" అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ.

"రేపు జనం ఆ దుకాణాల్లో పెట్టబోయే డబ్బు. ఇవాళ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

"కొంత దొంగచాటు పందేల వాళ్ల దగ్గరుంటుంది. అది మనకొస్తుంది. మంచిదేగా?"

"మిగతాది?"

"మిగతాది జేబుల్లో ఉంటుంది."

"జేబులో ఊరికే ఉండదు కద సార్. చెప్పులు కొంటారు, సబ్బులు కొంటారు. అవి తగ్గితే వాటిమీద మనకొచ్చే పన్నూ తగ్గాలి."

ఆయనకది సబబుగానే తోచింది. ఊళ్లో ఒక పేటలో ప్రయోగానికని ఒక దుకాణం ముందే తెరిపించారు. దాని చుట్టుపక్కల కొట్ల పన్నుల వివరాలు తెప్పించుకోమన్నాడు. తెప్పించుకుని, అంకె అంకే పట్టి చూసింది. ఏ కొట్టులోనూ అమ్మకం తగ్గలేదు. చెప్పులు అన్నే, సబ్బులు అన్నే, పిల్లల పలకలు కూడా అన్నే. పందెం దుకాణం మాత్రం కిటకిటలాడుతోంది. అంటే జనం పాత ఖర్చులన్నీ పెడుతూనే, పైనుంచి పందేలూ కాస్తున్నారు. వాళ్లకు జీతాలు పెరిగిన దాఖలా కూడా లేదు.

"చూశావా, ఎవరికీ ఏ నష్టమూ లేదు. రాసెయ్. రేపు సాయంత్రానికి నోటు పైకెళ్లాలి" అన్నాడు సూపరింటెండెంటు సంబరంగా.

ఆమెకు మాత్రం చెప్పులో రాయి పడ్డట్టయింది. లేని డబ్బు ఎలా ఖర్చవుతుంది? మర్నాడు పొద్దున ఒక పూట సెలవు చీటీ రాసిచ్చి, ఎక్కడికో ఎవరికీ చెప్పకుండా ఆ పేటకు బస్సెక్కింది. ఇలా ఒక్కతే, ఎవరి పనీ కాని పనిమీద వెళ్లి ఎన్నేళ్లయిందో. కిటికీ పక్కన సీటు దొరికింది. చిన్నపిల్లలా సంబరపడింది.

దుకాణం ఒక బట్టల కొట్టుకీ, తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది. లోపల పందెం కాసేవాళ్లంతా మగవాళ్లే. ఆమె అడుగు పెట్టగానే ఒక్క క్షణం చప్పుడు ఆగింది. ఎవరి పెళ్లామో వెతుక్కుంటూ వచ్చిందనుకుని ఇద్దరు ముగ్గురు మొహాలు తిప్పుకున్నారు కూడా. కౌంటరులో కుర్రదానిలా కనిపించే ఒకామె "ఏ గుర్రం మేడమ్?" అంది.

ఆమె తడబడింది. ఏ గుర్రం? ఏ కూర వండాలన్నా అత్తగారికి పడేది, భర్తకు నచ్చేది అని వెతికే బుర్రకు ఆ చిన్న ప్రశ్న కొత్తగా ఉంది. "నల్లది. కాళ్లకి తెల్లమచ్చలున్నది" అంది చివరికి. అన్నిటికన్నా తక్కువ ధర టికెట్టు కొంది. పరుగు మొదలైంది. నల్లది ముందుకొచ్చింది! ఆమెకు తెలియకుండానే గొంతు లేచింది. "పద, పద!" అని అరుస్తోంది, పక్కనున్న పెద్దమనిషి చొక్కా పట్టుకుని మరీ. నల్లది సగం దారిలో నీరసపడి ఆఖరున వచ్చింది. పెద్దమనిషి చొక్కా వదిలేసి క్షమాపణ చెప్పింది. సిగ్గేసింది, కానీ ఎంత బాగుందో! అందరూ చెప్పే చెడంతా అటుంచితే, ఆ కాసేపూ లోకంలో ఒక్క చింత కూడా గుర్తుకు రాదని ఆమెకు బాగా అర్థమైంది. ఇంత తేలికపాటి సుఖం ఊళ్లో మగవాళ్లకు ఎవరి పుణ్యాన దొరుకుతోందో అన్నది మాత్రం ఇంకా తెలియలేదు.

బయట అరుగు మీద ఒకామె కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. పక్కన ఇంకా కుట్టాల్సిన చొక్కాల మూట. లోపలున్నవాళ్లలో ఒకడు ఆమె భర్తట, వ్యాను నడుపుతాడట. తను అరుగు మీద ఉంటే బస్సు చార్జీలైనా మిగుల్చుకుని బయటికొస్తాడని వచ్చి కూర్చుంటుందట. ఎందుకమ్మ పక్కనే చతికిలబడింది. మాటలు కలవడానికి ఎంతో సేపు పట్టలేదు.

"ఆయన పందెం మొదలెట్టాక ఇంట్లో ఏం తగ్గించారు? పాలా, పిల్లల బట్టలా?"

"పిల్లల పాలు తగ్గిస్తానా అమ్మా!" అంది ఆమె సూది ఆపకుండానే. "మా ఇంట్లో ఏదీ తగ్గలేదు. ఆయన ఇది మొదలెట్టాడు, నేను కాజాలు మొదలెట్టా. ఇదివరకు దుప్పట్లు చాకలికి వేసేదాన్ని, ఇప్పుడు నేనే ఉతుకుతున్నా. పిల్లల్ని బడికి రిక్షాలో పంపేవాళ్లం, ఇప్పుడు నేనే నడిపించుకెళ్తున్నా. అంతే. ఇల్లు మామూలే."

"మరి ఇవన్నీ చేసి ఎప్పుడు పడుకుంటారు?"

ఆమె పకపకా నవ్వింది. "అదొక్కటే తగ్గిందిలే."

ఎందుకమ్మకు నవ్వు రాలేదు. వెతుకుతున్న డబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది. అది చెప్పుల కొట్లోంచి రాలేదు, సబ్బుల కొట్లోంచి రాలేదు. ఈ మనిషి వేళ్లలోంచి, కళ్లలోంచి వచ్చింది. నిద్ర మీద ఏ ప్రభుత్వమూ పన్ను వేయదు కాబట్టి నిద్ర తగ్గితే ఏ లెక్కలోనూ కనబడదు.

"మీ ఆయనా లోపలున్నాడా?" అనడిగింది కాజాల ఆమె.

"అబ్బే, ఆయన పేకముక్క కూడా ముట్టుకోడు. బాగా పొదుపు మనిషి."

"అదృష్టవంతులు. మరి మీ కళ్లకింద ఆ నలుపేంటి? మీకూ నాలాగే ఉంది."

జీవితమంతా అడగడమే తప్ప ఇలా అడిగించుకోవడం ఆమెకు అలవాటు లేదు. జవాబు కోసం లోపల వెతుక్కుంది. ఏడాది కిందట భర్త పనిమనిషిని మాన్పించాడు. "ముగ్గురమేగా, నాలుగు గిన్నెలకి మనిషెందుకు?" అన్నాడు. తర్వాత లాండ్రీ మాన్పించాడు. తర్వాత సరుకులు ఇంటికి తెచ్చిచ్చే కొట్టు ఖరీదెక్కువని పెద్ద బజారు నుంచి మోసుకురమ్మన్నాడు. ప్రతిసారీ ఇంత మిగిలిందంటూ అత్తగారికి చెప్పేవాడు, ఆవిడ మురిసిపోయేది. నిజమే కాబోలు, మా ఆయనకి ఎంత తెలివి అని ఆమె కూడా అనుకుంది. అది గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది, ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ. 'ఎందుకు' అని ఊరందరినీ అడిగి, ఈ ఒక్కటీ అడగలేదేం?

మధ్యాహ్నానికల్లా ఆఫీసుకు చేరి నోటు పూర్తి చేసింది. సూపరింటెండెంటు చదువుతూ చదువుతూ ఆఖరి పేరా దగ్గర ఆగిపోయాడు.

"'ఖర్చు ఉంది. ప్రస్తుతం దాన్ని కుటుంబాల్లోని స్త్రీలు జీతం లేని అదనపు పనితో భరిస్తున్నారు. ఎంతో తెలియదు. తెలుసుకున్నాకే చట్టం తేవడం మంచిది.' ఇదేంటమ్మా?"

"కనుక్కొచ్చాను సార్."

"ఇంటిపనికి లెక్కేమిటమ్మా? మా ఆవిడా చేస్తుంది. ఖజానాకీ దానికీ ఏం సంబంధం?"

"అది లేకపోతే మన రాబడి పేరా నిలబడదు సార్. పందెం కాసేవాడి భార్య కాజాలు కుట్టడం ఆపేస్తే సబ్బుల పన్నయినా తగ్గుతుంది, పందెం పన్నయినా తగ్గుతుంది. రెండూ ఒకేసారి రావు."

ఆయన ఎర్ర కలం తీశాడు. "ఇది పైకెళ్తే నవ్వుతారు. కొట్టేస్తాను, ఏమనుకోకు."

"కొట్టేయండి సార్. పక్కన పొట్టి సంతకం పెట్టండి."

ఆ ఆఫీసులో అదొక నియమం. ఎవరు ఏ వాక్యం కొట్టేసినా, కొట్టిందెవరో తెలిసేలా పక్కన పొట్టి సంతకం చేయాలి. కలం కాగితం మీదికి వంగింది. ఆ వాక్యం అబద్ధమని తన చేతి గుర్తుతో చెప్పాలి ఇప్పుడాయన. ఆమె కేసి చూశాడు, కాగితం కేసి చూశాడు. మధ్యలో భార్య పంపిన భోజనం డబ్బా కేసి కూడా చూశాడు. కలానికి మూత పెట్టేశాడు. "పైవాళ్లే కొట్టుకుంటారులే" అన్నాడు గొణుగుతూ. నోటు ఆమె సంతకంతో ఉన్నదున్నట్టు పైకి వెళ్లింది.

సాయంత్రం భోజనాల దగ్గర భర్త మహా హుషారుగా ఉన్నాడు. కారుకు అడ్వాన్సు కట్టేశాడట.

"అప్పు చేశావుట్రా?" అంది అత్తగారు కంగారుగా.

"అప్పా! ఒక్క పైసా లేదు. ఏడాదిగా కూడబెట్టిందే. ఎవరికీ ఏ లోటూ రానివ్వకుండా కూడబెట్టానమ్మా."

"మా బంగారు తండ్రే" అంది ఆవిడ.

ఎందుకమ్మ అతని మొహంలోకి చూసింది. ఇప్పుడు పేపరు అడ్డం లేదు. అందులో మోసం లేదు, దాపరికం లేదు. అతను చెప్పేది అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఆమెకు కోపం వచ్చింది. కానీ కోపం కన్నా ముందు అలవాటైన కుతూహలమే నోరు తెరిపించింది.

"ఏమండీ, ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది?"

"చెప్పానుగా. పనిమనిషి జీతం, లాండ్రీ, సరుకుల మీద మిగిలింది." అతను ఒక్కొక్కటే వేళ్లు మడిచాడు.

"మరి ఆ పనులు ఆగిపోయాయా?"

"ఎందుకాగుతాయి? జరుగుతూనే ఉన్నాయిగా."

"ఎవరు చేస్తే జరుగుతున్నాయి?"

అతను మడిచిన వేళ్లు మడిచినట్టే ఉంచాడు. అత్తగారే అందుకుంది. "మనింటి పని మనం చేసుకోడానికి కూడా లెక్కలేంటే, చోద్యం కాకపోతే!"

"నిజమే అత్తయ్యా, మనింటి పనే. నా వంతు వంట నేను చేస్తాను. ఆఫీసు పని ఎలాగూ నాదే. ఈయన మిగిల్చిన పనులు మాత్రం రేపటి నుంచి నేను చేయను."

గొంతు పెంచలేదు. వాతావరణం సంగతి చెబుతున్నట్టే చెప్పింది. భర్త పరాచికమనుకుని నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదని చూసి సగంలో ఆగిపోయాడు. బల్ల నిండా ఎంగిలి కంచాలు, వంటింట్లో సింకు నిండా గిన్నెలు, కుర్చీ మీద రేపటికి ఇస్త్రీ కావలసిన చొక్కా. ఇవన్నీ ఇప్పుడే ఎవరో తెచ్చిపెట్టినట్టు అతను కొత్తగా చూశాడు.

"అదేంటి? మరి ఇవన్నీ ఎవరు చేస్తారు?" అన్నాడు.

ఎందుకమ్మ లేచి చేయి కడుక్కుంది.

"అదే నేనూ తెలుసుకోవాలనుకుంటున్నాను" అంది.