పిల్లకు తొడిగిన తోలు

సాలిస్‌బరీ కోర్టులో ముసలి కాపరి ఎనోక్ సాక్షి బోనెక్కాడు. గొర్రె దొంగతనం కేసులో ముద్దాయి రూబెన్ మంచివాడని ఒక్క మాట చెప్పి దిగిపోతే చాలు, అతను పెళ్లాంబిడ్డల దగ్గరికి వెళ్లిపోవచ్చునని రూబెన్ తరఫు వకీలు ముందే చెప్పాడు.

నేరం రుజువయ్యేలా లేదు మరి. ఎనోక్ కాసే రైతు బ్రాక్స్‌టన్ మందలో, ఈని వారమైన గొర్రె ఒకటి పోయింది. దాని తోలు కాలవలో దొరికింది గానీ, యజమాని గుర్తులుండే చెవులు కోసేసి ఉన్నాయి. అదే మందలో కాపరిగా ఉండి, చలికాలంలో పని పోయి, ముగ్గురు పిల్లలతో పస్తులుంటున్న రూబెన్ మీద అనుమానమే తప్ప చూసినవాడు లేడు.

"పదేళ్లు నా చేతికింద పనిచేశాడండి. మంచోడండి," అన్నాడు ఎనోక్.

అక్కడితో దిగిపోయి ఉంటే ఎంత బాగుండేది! ఎదుటి వకీలు లేచాడు.

"పాలు తాగే పిల్ల పక్కనుండగా తల్లిని కోసి, ఆ పిల్లను చలికి చావమని వదిలేసినవాడు మంచోడా? వీడూ ఒక కాపరేనా?"

ఎనోక్‌కు ఒళ్లు మండిపోయింది. రూబెన్‌కు పని నేర్పింది తనే.

"నోటికొచ్చినట్టు మాట్లాడకండి దొరా! ఎవడొదిలేశాడు? మందలో ఇంకో గొర్రెకి పిల్ల చచ్చిపోతే, దాని తోలు వలిచి ఈ పిల్లకి చొక్కాలా తొడిగి, ఆ తల్లి దగ్గర వదిలి మరీ పోయాడు. వాసన చూసి తన పిల్లే అనుకుని పాలిచ్చిందది. మెడ కింద ఆ ముడి నేను నేర్పిందే. నాకూ వాడికీ తప్ప ఇంకెవడికొచ్చు?"

వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. అప్పుడు గానీ తన నోరు ఏం చేసిందో ఎనోక్‌కు తెలిసిరాలేదు.

జ్యూరీవాళ్లు కూర్చున్న చోటే దోషి అని తేల్చేశారు. జడ్జి వేసిన శిక్ష పదేళ్లు ద్వీపాంతరం. అలా ఓడెక్కినవాడు తిరిగొచ్చి తన గడప తొక్కడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. వెనక బల్లల మీంచి రూబెన్ భార్య హానా గొల్లుమంది.

సంకెళ్లతో తీసుకుపోతుంటే రూబెన్ ముసలాయన ముందు ఆగాడు.

"నిన్ను నా నోటితో నేనే చంపుకున్నానురా," అన్నాడు ఎనోక్, తలెత్తకుండానే.

"పిల్ల బతికిందా తాతా?"

"బతికిందిరా. మూడోనాడే తోలు విప్పేశాను. గంతులేస్తోంది."

"మరి నా పిల్లల్ని కూడా చూసుకుంటావా?"

ఎనోక్ తలూపాడు. నోరు తెరవడానికి అతనికి ధైర్యం చాల్లేదు.