గిల్టు గాజులు

ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుడుతుంటే గాజులు గలగలమంటున్నాయి. బంగారం ఇలా మోగదు. నిన్న సాయంత్రం మొగుడు తుర్హాన్ వీటిని బజారు నుంచి తెచ్చి బల్ల మీద పడేశాడు. "రేపు ఆడవాళ్లొస్తారుగా, వేసుకో. బోసి చేతులు చూస్తే లేనిపోని ఆరాలు" అన్నాడు. గులిజార్ వేసుకుంది.

ఇవాళ ఆమె ఇంట్లో బంగారు రోజు. టర్కీలోని చొర్లూ ఊళ్లో ఆ వీధి ఆడవాళ్లు నెలకొకరింట్లో చేరి, ఆ ఇంటావిడకి తలా ఒక చిన్న బంగారు నాణెం ఇస్తారు. మొగుళ్లకి లెక్క చెప్పక్కర్లేని సొమ్ము వాళ్లకి అదొక్కటే.

అసలు గాజులు పెళ్లినాడు అమ్మ తొడిగింది, పొద్దుతిరుగుడు చేను అమ్మి. "ఇవి నీవి. నీవంటే నీవే" అని చెవిలో చెప్పింది. పగలంతా కుట్టుమిల్లులో నిలబడి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఆ మాట ఎంత తీపో! లీరా విలువ రోజురోజుకీ కరిగిపోతుంటే తుర్హాన్ కన్ను వాటి మీద పడింది. "చేతికుంటే మోగుతాయి గానీ పిల్లలు పెడతాయా? అమ్మి స్టేబుల్‌కాయిన్ కొందాం. డాలర్ విలువకి కట్టేసిన డిజిటల్ నాణెం అది, పడదు. ఫోన్లో ఒక కంపెనీ ఉంది, అందులో దాస్తే బ్యాంకుకి ఎన్నో రెట్లు వడ్డీ" అన్నాడు. "అంత వడ్డీ వాడికెక్కణ్ణుంచి వస్తుంది?" అని ఆమె అడిగింది. "అవన్నీ నీకెందుకు, టీ పెట్టు" అన్నాడు. అత్తగారు జపమాల తిప్పుతూ "మొగుడికంటే నగ ఎక్కువా అమ్మా?" అంది. గులిజార్ చేతికి సబ్బు రాసుకుని గాజులు లాగింది. తర్వాత టీ కూడా పెట్టింది.

కొన్నాళ్లు వడ్డీ బాగానే వచ్చింది. "మీవాళ్లకీ చెప్పు, మనుషుల్ని చేరిస్తే మనకింకాస్త కలుస్తుంది" అన్నాడు. చెప్పింది. అదే వీధిలో ఉండే, మిల్లులో పక్క మిషను సఫియె, మొగుడు వదిలేసిన మనిషి, "నీ గాజులే పెట్టావంటే ఇంక నాకేం భయమే" అంటూ ఏళ్ల తరబడి దాచిన నాణేలన్నీ రుమాల్లో కట్టి తెచ్చింది. కంపెనీ పేరైనా అడగలేదు. గులిజార్ మొహం చూసి ఇచ్చేసింది.

పోయిన వారం ఆ కంపెనీ తలుపులు మూసింది. జనం దాచినదాన్ని ఇంకా ఎక్కువ వడ్డీకి ఎవరెవరికో తిప్పిందట, వాళ్లు మునిగారట. ఫోన్లో అంకె చెక్కుచెదరలేదు, తీసుకోబోతే రాదు. "డాలర్ పడలేదే, చూడు!" అని తుర్హాన్ ఇప్పటికీ చూపిస్తున్నాడు. నాణెం పడదు సరే, దాన్ని పట్టుకున్నవాడు పడితే? అది అడగబోయిన ఒక్కతెనీ టీ పెట్టడానికి పంపేశారు.

"ఎవరితోనూ అనకు. ఇవాళొచ్చే బంగారం అద్దెకి పనికొస్తుంది" అని చెప్పి కాఫీ కొట్టుకి పోయాడు.

ఆడవాళ్లొచ్చారు, నవ్వులు, టీ గ్లాసులు. పళ్లెంలో చివరి నాణెం సఫియె వేసింది. "పిల్ల హాస్టలు ఖర్చుకి వచ్చే నెల నా డబ్బు తీసేస్తానే, మీ ఆయనకి చెప్పు" అంది.

గులిజార్ గాజులు తీసి బల్ల మీద పెట్టింది. సబ్బు కూడా అక్కర్లేకపోయింది.

"ఇవి గిల్టువి అక్కా. నావి పోయాయి. నన్ను చూసి ఇచ్చావు, నీవీ పోయాయి."



"ఎప్పట్నించి తెలుసు నీకు?" అంది సఫియె.

"వారం అయింది."

"వారం నా పక్కనే కుట్టావు."

గులిజార్ నాణేల పళ్లెం ఆమె ముందుకి జరిపింది. "ఈ వంతు నీది. ఇకమీద నా వంతులన్నీ నీవే." సఫియె నాణేలు రుమాల్లో కట్టుకుంది. గులిజార్ మొహం వైపు చూడకుండా, టీ ముట్టకుండా వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. గులిజార్ ఏడ్చింది, అందరి ముందే.

సాయంత్రం సఫియె వదిలేసిన ఆ నిండు గ్లాసు ఒంపేస్తుండగా తుర్హాన్ వచ్చాడు. "బంగారం ఏదే?" అన్నాడు.

"అవన్నీ నీకెందుకు?" అంది గులిజార్. "టీ పెట్టుకో."