అంబటాళ్ల ఊరు

రిటైరైన పోలీసోడి ఇంటి ముందు జీపు ఆగితే మంచి కబురేమీ ఉండదు. వనపర్తిలో మల్లెపాదు తవ్వుకుంటుంటే ఎస్సై శ్రవణ్ కుమార్ దిగాడు. పట్నంలో పెరిగిన కుర్రాడు. వీపనగండ్ల దగ్గర హత్య కేసట. నిందితుడు నోరు తెరిస్తే అబద్ధమేనట, రేపు కోర్టులో పెట్టాలట, పాత సీఐగా నేనొకసారి వాడితో మాట్లాడాలట. నాకు ఒళ్లు మండింది. అయినా చెప్పులు వేసుకున్నాను.

దారిలో సంగతంతా చెప్పాడు. వెంకటన్న అనే రైతు పొలంలో తల పగిలి చనిపోయాడు. పొద్దున అంబలి పట్టుకుపోయిన తమ్ముడు నర్సింహులు, తాను వెళ్లేసరికే అన్న శవమై ఉన్నాడన్నాడు. ముందురోజు వెంకటన్నతో తగువు పడ్డ కూలి ఇస్రాయేలును పట్టుకున్నారు.

"ఎక్కడున్నావంటే 'అంబటాళ్లకు పోయిన' అంటాడు సార్. ఆ ఊరెక్కడంటే ముందు నీళ్లు నమిలాడు. తర్వాత ధరూర్ అవతల అన్నాడు. జీపేసుకుని వెతికాం. అలాంటి ఊరే లేదు."

తల పట్టుకున్నాను. అంబటాళ్లంటే ఊరు కాదు నాయనా, పొద్దెక్కాక జనం అంబలి తాగే వేళ అన్నాను. వాడి మొహం పాలిపోయింది. జీపు నడుపుతున్న కానిస్టేబుల్ ఎల్లన్న మెడ కూడా తిప్పలేదు. ఈ గడ్డ మీద పుట్టావు, నీకూ తెలియదా అని కేకలేశాను.

"తెల్సు సార్. సారు ఊరన్నడు, బండి తియ్యుమన్నడు. తీసిన."

ఉద్యోగమంతా ఇలాంటి వాళ్లతోనే వేగాను.

బండిని నేరుగా వెంకటన్న ఇంటికి పోనిమ్మన్నాను. ఆయన భార్య భాగ్యమ్మను అంబలి చెంబు సంగతి అడిగాను. మరిది వట్టి చెంబు తెచ్చిచ్చాడని చెప్పింది. అన్నేసి కాగితాలు నింపిన ఎస్సై ఆ ఒక్క మాటా అడగలేదు. నర్సింహులును పిలిపించి, అంబలి ఏమైందని మామూలుగా అడిగాను.

"అన్న తాగిండు," అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఇక దాగేదేముంది. గట్టు తగువులో తానే పార తిప్పి కొట్టానని కాసేపటికి ఒప్పుకున్నాడు. స్టేషనుకు ఫోన్ చేసి అడిగిస్తే, అంబలి వేళకు తాను కొత్తకోట బస్సులో ఉన్నానని ఇస్రాయేలు చెప్పాడు. ఎల్లన్న వెళ్లి అడిగితే కండక్టరు కూడా అదే చెప్పాడు.

స్టేషన్లోంచి ఇస్రాయేలు గోడ పట్టుకుని కుంటుతూ బయటికొచ్చాడు. నా కోపం ఇంకా చల్లారలేదు, వాడి మీద కూడా. లేని ఊరికి తోవ ఎందుకు చెప్పావురా అని కసిరాను.

"ఊరు గాదని మొత్తుకున్న సార్. ఇంటేనా? యాడుందో చెప్పెదాంక కొట్టిన్రు. దెబ్బలకోర్వలేక ధరూర్ అవతలన్న."

కళ్లు తుడుచుకున్నాడు.

"జీపు పోయినంక యేసయ్యకు మొక్కిన సార్, గక్కడ గా పేరుతోని ఒక ఊరుండాలెనని."